ఎంత బెరడు వలిస్తే చెట్టు బతుకుతుంది?

పశ్చిమాఫ్రికాలోని కామెరూన్ పర్వతం నాలుగు వేల మీటర్లకు పైబడిన ఎత్తున్న అగ్నిపర్వతం. ఇప్పటికీ అప్పుడప్పుడూ లావా కక్కుతూనే ఉంటుంది. దాని వాలు మీద వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక పొగమంచు కమ్మే చల్లని అడవి మొదలవుతుంది. ఆ అడవిలో నల్లటి బెరడుతో, నిటారుగా పెరిగే ఒక పెద్ద చెట్టు కనిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఉండే బక్వేరీ ప్రజలు దాన్ని వొటాంగో అంటారు. కడుపు నొప్పికీ, జ్వరానికీ దాని బెరడును కాచి తాగడం వాళ్లకు తరాలుగా తెలిసిన వైద్యం. కత్తితో ఒక ముక్క చెక్కి తెచ్చుకుంటే సరిపోయేది. ఆ గాయం చెట్టుకు లెక్కలోది కాదు.

1970ల తర్వాత అదే బెరడు లారీల్లో కొండ దిగడం మొదలైంది. ఫ్రాన్సు, ఇటలీ దేశాల మందుల దుకాణాల్లో వయసు మళ్లిన పురుషులు ప్రోస్టేట్ గ్రంథి వాపుకు కొనుక్కునే మాత్రలకు అదే ముడిసరుకు. ఒక్క కామెరూన్ నుంచే ఏటా సుమారు 2000 టన్నుల బెరడు తీసిన సంవత్సరాలున్నాయి. వైద్యానికి పనికొచ్చే భాగం ఆకో, కాయో అయితే కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఇక్కడ మందూ బెరడులోనే ఉంది, చెట్టు ప్రాణమూ బెరడులోనే ఉంది.

శాస్త్రీయంగా ఈ చెట్టు పేరు ప్రూనస్ ఆఫ్రికానా. ఆంగ్లంలో ఆఫ్రికన్ చెర్రీ అంటారు. గులాబీ కుటుంబానికి చెందిన ప్రూనస్ ప్రజాతిలో చెర్రీ, పీచ్, ఆల్‌బుకారా, బాదం అన్నీ ఉన్నాయి. హైదరాబాదు పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠాగా వడ్డించే ఆప్రికాట్ కూడా ఈ చెట్టుకు దాయాదే. అయితే ఆ దాయాదులు చాలావరకు సమశీతోష్ణ దేశాలవి. ఆఫ్రికా ఉష్ణమండలంలో సహజంగా పెరిగే ప్రూనస్ దాదాపు ఇదొక్కటే.

చెర్రీ అనగానే గులాబీ రంగు పూలతో నిండిన పొట్టి చెట్టు గుర్తొస్తే దాన్ని పక్కన పెట్టాలి. ఇది ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవి మాను. అనువైన చోట 40 మీటర్ల వరకు, అంటే పది పన్నెండు అంతస్తుల మేడంత ఎత్తు పెరుగుతుంది. బెరడు ముదురు గోధుమ నుంచి నలుపు రంగులో, నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా చిన్న చిన్న నలుచదరపు పెళ్లలుగా చీలి ఉంటుంది. అడవిలో తిరిగేవాళ్లు దూరం నుంచే గుర్తుపట్టేది ఆ పెళ్లల వల్లే. ఇథియోపియాలో అమ్హారిక్ భాషలో దీన్ని తికూర్ ఇంచెట్ అంటారు, నల్ల చెట్టు అని అర్థం. ఆకులు దళసరిగా, మెరుస్తూ ఉంటాయి. ఆకు కాడ ఎర్రగా ఉంటుంది. ఆకును నలిపితే చేదు బాదం వాసన వస్తుంది. ప్రూనస్ కుటుంబమంతటికీ ఉమ్మడి ఆస్తి అయిన సయనైడు సమ్మేళనాల గుర్తు అది. చెక్కెరతో ముడిపడి నిరపాయంగా ఉండే ఆ పదార్థాలు ఆకు నలిగినప్పుడు విడిపోయి, కొద్ది మోతాదులో విషాన్ని విడుదల చేస్తాయి. మేయడానికి వచ్చిన పురుగుకు అది హెచ్చరిక. ఖుబానీ గింజను పగలగొట్టి పప్పు తిన్నవాళ్లకు ఒక్కోసారి నాలుక మీద తగిలే చేదు కూడా ఇదే.

పూలు తెలుపులో లేత పచ్చ కలిసిన రంగులో, చిన్నవిగా, గుత్తులుగా పూస్తాయి. కీటకాలు పరాగ సంపర్కం చేస్తాయి. కాయ సుమారు ఒక సెంటీమీటరు, పొడవు కంటే అడ్డం ఎక్కువ, పండితే ఊదా కలిసిన గోధుమ రంగు. మనుషులు తినలేనంత చేదు. కోతులకూ, టురాకో జాతి పక్షులకూ మాత్రం ఇష్టమైన తిండి. గింజలను అడవిలో దూరదూరానికి చేర్చేవి అవే.

ఆ కాయ ఆకారం ఒక విచిత్రమైన పేరుకు కూడా కారణమైంది. ఈ రకం చెట్లలో కొన్నిటికి కాయ మధ్యలో గాడి ఉండి రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉంటుంది. 1788లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు గేర్ట్‌నర్ శ్రీలంక నుంచి వచ్చిన అలాంటి కాయను చూసి, గ్రీకులో పిరుదులు అనే అర్థమున్న మాట నుంచి పైజియం అనే ప్రజాతి పేరు కల్పించాడు. ఆఫ్రికా చెట్టు శాస్త్రలోకానికి తెలియడానికి ఇంకో ముప్పాతిక శతాబ్దం పట్టింది. లండన్‌లోని క్యూ ఉద్యానం తరఫున పశ్చిమాఫ్రికా పర్వతాలెక్కి నమూనాలు సేకరించిన గుస్తాఫ్ మాన్ పంపిన మొక్కలను పరిశీలించి, 1864లో జోసెఫ్ డాల్టన్ హుకర్ దీనికి పైజియం ఆఫ్రికానం అని పేరు పెట్టాడు. ఈ మాన్ ఆ తర్వాత భారతదేశానికి వచ్చి అస్సాం అడవుల సంరక్షణాధికారిగా పనిచేశాడు. పైజియం చెట్లు నిజానికి ప్రూనస్‌లో భాగమేనని 1965లో డచ్ శాస్త్రజ్ఞుడు కాల్క్‌మన్ తేల్చాక పేరు ప్రూనస్ ఆఫ్రికానాగా మారింది. మందుల పెట్టెల మీద మాత్రం పాత పేరే నిలిచిపోయింది. ఈనాటికీ దుకాణాల్లో ఈ మందును పైజియం అనే అడుగుతారు.

ద్వీపాల్లాంటి కొండలు

ఇథియోపియా నుంచి దక్షిణాఫ్రికా దాకా, పడమట కామెరూన్, బయోకో దీవి, అంగోలా, తూర్పున మడగాస్కర్ వరకు ఈ చెట్టు కనిపిస్తుంది. పటం మీద చూస్తే సగం ఖండమంతా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి అది పెరిగేది చల్లని కొండ అడవుల్లోనే. ఒక కొండకూ ఇంకో కొండకూ మధ్య వందల కిలోమీటర్ల వేడి మైదానం ఉంటుంది. చెట్టు దృష్టిలో ఆ కొండలు సముద్రంలో దీవుల్లాంటివే.

మరి దీవి నుంచి దీవికి ఎలా వెళ్లింది? 2011లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం ఆఫ్రికా అంతటా సేకరించిన నమూనాలను పోల్చి చూసింది. పశ్చిమాన కామెరూన్‌లోని చెట్లకూ, రెండు వేల కిలోమీటర్ల అవతల ఉగాండా పశ్చిమ భాగంలోని చెట్లకూ దగ్గరి పోలిక కనిపించింది. వాతావరణం చల్లబడిన పాత యుగాల్లో కొండ అడవులు కిందికి దిగి, ఇప్పుడు వేడి మైదానాలున్న చోట ఒకదాన్నొకటి కలుసుకున్నాయనీ, ఖండం నడుమ ఒక దారి ఉండేదనీ దాని అర్థం. ఆ తర్వాత భూమి వేడెక్కింది, అడవులు మళ్లీ కొండలెక్కాయి, దారి మూసుకుపోయింది.

ఇప్పుడు మరింత వేడెక్కితే ఇంకా పైకెక్కాలి. కొండకు ఒక చివర ఉంటుంది కాబట్టి ఎక్కడానికి మిగిలే చోటు తక్కువ. ఒక కొండ మీది చెట్లు పోతే పక్క కొండ నుంచి గింజలు రావడమూ కష్టమే.

ఒకే చెట్టు, ఎన్నో వైద్యాలు

ఇన్ని కొండల మీద ఇన్ని జాతుల ప్రజలు ఉన్నప్పుడు వైద్యం ఒకటే ఉండదు. కెన్యాలో కికుయు ప్రజలు మ్వేరి అని పిలిచే ఈ చెట్టు బెరడును కడుపు నొప్పికి కాచి తాగుతారు. జ్వరం వస్తే ఆకుల ఆవిరి పడతారు. తూర్పు ఆఫ్రికాలో పశువులకు విరేచనకారిగా కూడా బెరడు రసం పట్టిస్తారు. దక్షిణాన జూలూ వైద్యులు ఛాతీ నొప్పికి వాడతారు. కామెరూన్‌లో మలేరియా జ్వరం మొదలుకొని మూత్ర సంబంధమైన బాధల దాకా చాలావాటికి ఇదే మందు.

వైద్యం ఒక్కటే కాదు. కలప గట్టిది, బరువైనది. గొడ్డళ్లకూ పారలకూ పిడులు, వంతెనలకు పలకలు, దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు ఎడ్లబండ్ల భాగాలు దీనితోనే చేసేవారు. అక్కడ దీన్ని ఎర్ర కంపుచెక్క అని అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. అప్పుడే నరికిన చెక్కకు వచ్చే ఘాటు వాసన వల్ల వచ్చిన పేరది.

ఈ వాడకాలన్నిటిలో మూత్ర బాధ ఒకటి మాత్రమే. కానీ ఐరోపా మార్కెట్‌కు పనికొచ్చింది అదే. ఫ్రెంచి వ్యాపారి, వైద్యుడు జాక్ దెబా 1966లో ఈ బెరడు సారానికి పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్లలోనే తాడెనాన్ అనే పేరుతో మందు ఫ్రాన్సు మార్కెట్‌లోకి వచ్చింది. ఇటలీలోనూ ఇలాంటి మందులు వచ్చాయి.

మందు నిజంగా పనిచేస్తుందా?

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. వయసుతో పాటు అది పెరగడం చాలామంది పురుషుల్లో జరిగేదే. యాభైలు దాటిన వాళ్లలో సగం మందికి, ఎనభై దాటిన వాళ్లలో దాదాపు తొంభై శాతానికి ఈ పెరుగుదల కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. కానీ పెరిగిన గ్రంథి నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, పూర్తిగా ఖాళీ అయినట్టు అనిపించదు, రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ప్రాణం తీసే జబ్బు కాకపోయినా నిద్ర తీసే జబ్బు.

బెరడు సారంలో బీటా సైటోస్టెరాల్ వంటి వృక్ష స్టెరాల్‌లు, అర్సోలిక్ ఆమ్లం వంటి ట్రైటర్పీన్‌లు, ఫెరూలిక్ ఆమ్లపు ఎస్టర్‌లు ఉన్నాయి. వాపు తగ్గించే గుణం, కణాల అతివృద్ధిని అదుపు చేసే గుణం ప్రయోగశాలలో కనిపించాయి. ఫలానా ఒక్క అణువే పనిచేస్తోందని వేలెత్తి చూపించే పరిస్థితి మాత్రం లేదు. తయారీదారులు మొత్తం సారాన్నే వాడటానికి ఇదొక కారణం. ప్రయోగశాలలో ఆ ఒక్క అణువును తయారుచేసి చెట్టును వదిలేసే వీలు లేకుండా పోయిందీ అందుకే.

మనుషుల మీద జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2002లో ఒక్కచోట చేర్చి చూశారు. 18 పరీక్షలు, మొత్తం 1562 మంది పురుషులు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లతో పోలిస్తే బెరడు మందు వాడిన వాళ్లు మెరుగైందని చెప్పే అవకాశం రెట్టింపు ఉంది. రాత్రి లేవడం 19 శాతం తగ్గింది. మూత్ర ధార వేగం 23 శాతం పెరిగింది. దుష్ఫలితాలు స్వల్పం.

ఇక్కడితో ఆగితే మందుల కంపెనీ కరపత్రం అవుతుంది. ఆ పరీక్షలు చాలావరకు చిన్నవి, సగటున రెండు నెలలకు మించి సాగలేదు. మోతాదులూ, కొలిచిన పద్ధతులూ ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. ఉన్న మందులతో నేరుగా పోల్చిన పరీక్షలు లేవనే చెప్పాలి. ఏళ్ల తరబడి వాడితే గ్రంథి పెరుగుదల ఆగుతుందా, శస్త్రచికిత్స తప్పుతుందా అనే ప్రశ్నలకు ఆ పరీక్షల్లో సమాధానం లేదు. 1990లలో ఫినాస్టెరైడ్, టామ్సులోసిన్ వంటి మందులు వచ్చాక వైద్యుల చీటీలో మొదటి స్థానం వాటిదే అయింది. బెరడు మందు ఐరోపాలో మందుగా, అమెరికాలో ఆహార పూరకంగా కొనసాగుతోంది. ఇప్పుడు మన దేశంలోనూ ఆన్‌లైన్ దుకాణాల్లో దొరుకుతోంది. కొనుక్కునే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇవే లక్షణాలు ప్రోస్టేట్ క్యాన్సర్‌లోనూ ఉండొచ్చు. వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకోకుండా మాత్రలతో నెలలు గడిపేయడం ప్రమాదం.

అంటే ఈ బెరడు పనికిమాలినదీ కాదు, సంజీవనీ కాదు. కొంత ఉపశమనం ఇచ్చే మందు. ఆ కొంత ఉపశమనానికి అడవి ఎంత ఇస్తోందో చూడాలి.

రెండు చెట్లు, ఒక మనిషి

బెరడు అంటే చెట్టు తొడుక్కున్న చొక్కా కాదు. పైన కనిపించే ఎండు పెళ్లల కింద సజీవమైన లోపలి బెరడు ఉంటుంది. ఆకుల్లో తయారైన చెక్కెరలు వేళ్లకు చేరేది దాని లోని పోషక కణజాలం ద్వారానే. వేళ్ల నుంచి నీరు పైకి వెళ్లే దారి వేరు, అది లోపల కలపలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య కాగితంకన్నా పలుచగా, తడిగా జారే పొర ఒకటి ఉంటుంది. అదే విభాజ్య కణావళి. లోపలికి కలపనూ, బయటికి బెరడునూ పుట్టించేది అదే.

చెట్టు చుట్టూ ఉంగరంలా బెరడు తీసేస్తే ఏమవుతుందో 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీగీ చేసి చూశాడు. కోతకు పైభాగం ఉబ్బింది, కిందిభాగం ఎదగలేదు. కింది దారి తెగిపోవడంతో ఆహారం పైనే పోగుపడిందన్నమాట. అయితే అలాంటి చెట్టు వెంటనే ఎండిపోదు. నీటి దారి తెగలేదు కాబట్టి ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి. ఈలోగా కింద వేళ్లు ఆకలితో చస్తుంటాయి. నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది రెండేళ్ల తర్వాత కొమ్మల చివర్లు ఎండడం మొదలవుతుంది. బెరడు వలిచినవాడు అప్పటికి ఇంకో కొండ మీద ఉంటాడు.

ఆఫ్రికన్ చెర్రీకి ఈ విషయంలో ఒక అరుదైన బలం ఉంది. మానులో కొంత భాగం వలిచినా, ఆ తడి పొర దెబ్బతినకుండా ఉంటే దాని మీద కొత్త బెరడు పుడుతుంది. కత్తి మొన కలపకు దిగకూడదు, ఎండ తగిలి పొర ఆరిపోకూడదు. పొగమంచు అడవిలో పెరగడం ఇక్కడ చెట్టుకు కలిసొచ్చింది.

కామెరూన్‌లో దెబా కంపెనీ అనుబంధ సంస్థ ప్లాంటెకామ్ 1972లో పని మొదలుపెట్టినప్పుడు ఈ బలాన్నే ఆధారం చేసుకుంది. మాను చుట్టుకొలతను నాలుగు భాగాలుగా అనుకుని, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాల బెరడు మాత్రమే తీయాలి. మొదటి కొమ్మ దగ్గర ఆగాలి. మిగతా రెండు పట్టీల గుండా వేళ్లకు ఆహారం వెళుతుంటుంది. కొన్నేళ్ల తర్వాత, గాయం పూడాక, ఆ రెండు పట్టీల వంతు.

ఈ పద్ధతిలో ఒక చెట్టు నుంచి సగటున 55 కిలోల పచ్చి బెరడు వస్తుంది. ఎండితే సగమవుతుంది. వెయ్యి కిలోల ఎండు బెరడు నుంచి తీసే సారం ఐదు కిలోలే. రోజు మోతాదు 100 మిల్లీగ్రాములు. ఈ అంకెలను కలిపి లెక్క వేస్తే, ఒక చెట్టును ఒకసారి వలిచినందుకు 137 గ్రాముల సారం వస్తుంది. అది ఒక మనిషికి మూడేళ్ల తొమ్మిది నెలలు సరిపోతుంది. చెట్టు కోలుకోవడానికి ఏడెనిమిదేళ్లు ఇవ్వాలనుకుంటే, ఒక్క మనిషికి మందు ఆగకుండా అందాలంటే అడవిలో రెండు పెద్ద చెట్లు అతని పేరు మీద నిలబడి ఉండాలి. ఏడాదికి 2000 టన్నులంటే ముప్పై ఆరు వేల చెట్ల బెరడు. అదీ ఎవరూ నియమం తప్పకపోతే.

నియమం తప్పింది. 1985 దాకా కామెరూన్‌లో ప్లాంటెకామ్‌కు ఒక్కదానికే అనుమతి ఉండేది. తర్వాత ప్రభుత్వం యాభై మంది దాకా ఇతర వ్యాపారులకు అనుమతులు ఇచ్చింది. ఇవాళ తాను సగం వదిలేసిన చెట్టును రేపు ఇంకొకడు వచ్చి పూర్తిగా వలుస్తాడని తెలిశాక, సగం వదిలే ఓపిక ఎవరికుంటుంది? కూలికి వెళ్లినవాళ్లకు డబ్బులు కిలోల లెక్కన. చెట్టు చుట్టూ వలిచారు, కొమ్మలెక్కి వలిచారు, చివరికి చెట్టును కొట్టి పడేసి వలిచారు. మడగాస్కర్‌లోనూ నరికి వలవడమే మామూలు పద్ధతి అయింది. ఈ తప్పును కూలీ మీద నెట్టేయడం తేలిక. కానీ బెరడు విలువలో చాలా భాగం కొండ దిగాకే పెరుగుతుంది, అడవిలో మిగిలేది చిల్లర.

నష్టం మోడు చెట్ల లెక్కతో పోదు. ఈ చెట్టు పూతకు రావడానికే పదిహేనేళ్లు పడుతుంది. బెరడు ఎక్కువ దొరికేదీ, గింజలు ఎక్కువ రాల్చేదీ ఒకే చెట్టు, లావైన ముసలి చెట్టు. కామెరూన్‌లోని ఓకూ పర్వతం మీద చెట్ల జనాభాను అధ్యయనం చేసిన క్రిస్టీన్ స్టీవార్ట్ లెక్కల్లో తేలిందీ ఇదే. మొలకలు కొన్ని పోయినా అడవి తట్టుకుంటుంది, పెద్ద చెట్లు పోతే మాత్రం జనాభా తగ్గుముఖం పడుతుంది. కాయల కోసం వచ్చే పక్షులకూ తిండి పోతుంది. ఆ పర్వతం మీది అడవి బ్యానర్‌మన్ టురాకో అనే అరుదైన పక్షికి ప్రపంచంలో మిగిలిన కొద్ది ఇళ్లలో ఒకటి.

ఎర్రచందనంతో పాటే

1994 నవంబరులో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో సైటీస్ ఒప్పందంలోని దేశాలు సమావేశమయ్యాయి. అంతర్జాతీయ వ్యాపారం వల్ల అంతరించే ప్రమాదమున్న జీవులను కాపాడే ఒప్పందం అది. ఆఫ్రికన్ చెర్రీని రెండో అనుబంధంలో చేర్చాలన్న కెన్యా ప్రతిపాదన అక్కడ ఆమోదం పొందింది. అదే సమావేశంలో అదే అనుబంధంలో చేరిన ఇంకో చెట్టు మన శేషాచలం కొండల ఎర్రచందనం. రెండిటికీ రక్షణ అమల్లోకి వచ్చిన తేదీ ఒక్కటే, 1995 ఫిబ్రవరి 16.

రెండో అనుబంధం వ్యాపారాన్ని నిషేధించదు. ఎగుమతి చేసే దేశం ఈ సరుకు వల్ల అడవిలో జాతికి హాని లేదని తేల్చి అనుమతి పత్రం ఇవ్వాలి. ఎర్రచందనం విషయంలో విలువంతా చేవలో ఉంది, చెట్టును కొట్టకుండా చేవ రాదు. ఆఫ్రికన్ చెర్రీకి కనీసం బతికి ఉండి బెరడు ఇచ్చే వీలుంది. అయినా ఎన్ని చెట్లున్నాయో లెక్కపెట్టకుండా హాని లేదని ఎలా చెబుతారు? చాలా ఏళ్లు అదే జరిగింది. ప్లాంటెకామ్ ఫ్యాక్టరీ 2000లో మూతపడింది. 2007లో ఐరోపా సమాజం కామెరూన్ నుంచి ఈ బెరడు దిగుమతిని నిలిపివేసింది. ఆ దెబ్బతోనే కొండ కొండకూ చెట్ల లెక్క తీయడం, ఏ భాగంలో ఏ ఏడాది వలవాలో నిర్ణయించడం, దాన్నిబట్టి కోటా పెట్టడం ఊపందుకున్నాయి. కామెరూన్ పర్వతం చుట్టూ గ్రామస్థులే సంఘంగా ఏర్పడి, శిక్షణ పొందినవాళ్లతో వలిపించే ఏర్పాటు కూడా ఉంది.

మన దగ్గరా బెరడు మందులకు కొదవ లేదు. గుండెకు మంచిదని తెల్లమద్ది, స్త్రీల వ్యాధులకు అశోక, లొద్దుగ. అశోక బెరడు కొరత ఎంతగా ఉందంటే, మార్కెట్‌లో అశోక పేరుతో దొరికే దానిలో రోడ్ల పక్కన నిటారుగా పెంచే నరమామిడి చెట్టు బెరడు కలుస్తున్నట్టు పరీక్షల్లో బయటపడింది. రెండు చెట్లకూ జనం అశోక అనే పేరే వాడటం కల్తీకి ఇంకా సాయపడింది. అసలు అశోక కూడా ఆఫ్రికన్ చెర్రీలాగే ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు జాబితాలో ఉంది.

అడవి మీద భారం తగ్గాలంటే పొలాల్లో పెంచాలి. నైరోబీ కేంద్రంగా ఉన్న ప్రపంచ వ్యవసాయ అటవీ కేంద్రం శాస్త్రజ్ఞులు, కామెరూన్ వాయవ్య కొండల రైతులు ఈ పనిలో చాలాకాలంగా ఉన్నారు. కాఫీ తోటల్లో, గట్ల మీద, ఇళ్ల చుట్టూ నాటుతున్నారు. చిక్కు గింజ దగ్గరే మొదలవుతుంది. వడ్లు, కందుల్లా ఎండబెట్టి గాదెలో దాచుకునే గింజ కాదిది. బాగా ఎండితే మొలకెత్తదు. పండిన కాయలను చెట్టు కింద ఏరి, గుజ్జు తీసి, తడి ఆరకముందే నారుమడిలో వేయాలి. ముసలి చెట్లు మోడుబారిన కొండ మీద ఏరడానికి కాయలే ఉండవు. మొలిచాక బెరడు తీసే స్థాయికి రావడానికి పన్నెండు నుంచి పదిహేనేళ్లు. చిన్న రైతుకు అది ఒక తరం పెట్టుబడి.

అంతా అయి రైతు బెరడు తీసి సంచిలో నింపాడనుకుందాం. ఎండిన పెళ్లలను చూసి ఇవి పొలంలోవో, అడవిలోవో చెప్పడం కంటికి సాధ్యం కాదు. అడవి బెరడు పొలం బెరడుగా చెలామణి కాకుండా ఉండాలంటే నాటిన చెట్లను నాటిన నాడే నమోదు చేయాలి, వలిచిన నాడు ఆ నమోదుతో సరిచూడాలి. సొంత చెట్టు బెరడు అమ్ముకోవడానికి రైతు అటవీశాఖ అనుమతి పత్రం కోసం తిరగాల్సి వస్తోంది.